ముందెక్కి చివర దిగిన పోలమ్మ

తోటపల్లి గూడూరు చుట్టుపక్కల ఊళ్లలో నేను పదకొండేళ్లు బండి తిప్పాను. స్టీరింగు మాత్రం ఒక్కరోజు కూడా పట్టుకోలేదు. తోలింది పెంచలయ్య. ఏ పూట ఎవరింటి ముందు ఆగాలో, ఎవరిని ముందు ఎక్కించాలో, ఎవరిని ఎక్కడ దించాలో చెప్పింది నేను. నడవలేని ముసలివాళ్లని, పక్షవాతం వచ్చినవాళ్లని, చూపులేనివాళ్లని నెల్లూరు ఆసుపత్రులకి తీసుకుపోయి మళ్లీ వాళ్ల గడపలో దించడం మా పని. ఒక ట్రస్టు వాళ్లు ఆ బండి పెట్టారు.

ఇప్పుడు నా కుర్చీలో శ్రావణి అనే అమ్మాయి కూర్చుంటోంది. డిగ్రీ చదివిన పిల్ల. "పని ఎట్టా చెయ్యాల్నో రాసి పెట్టు మస్తానక్కా, తర్వాత వచ్చేవాళ్లకి పనికొస్తాది" అంది. ఎట్లా చెయ్యాలో దానికి నాకన్నా బాగా తెలుసు. ఎట్లా చెయ్యకూడదో నాకు తెలుసు. అదే రాస్తున్నాను.

ఫోను, జ్ఞాపకం

నేను ఐదో తరగతితో ఆగిపోయాను. మా ఇంటాయన దర్జీ. ఊళ్లో సగం మంది కొలతలు ఆయన పుస్తకంలో ఉండేవి, పుస్తకం కనపడనప్పుడు నన్నడిగేవాడు. ఫలానా వాళ్ల మూడో పిల్లాడి నడుమెంత అంటే పొయ్యి దగ్గర నుంచే చెప్పేదాన్ని. ఆ సంగతి ఆ నోటా ఈ నోటా ట్రస్టు మేనేజరమ్మ దాకా పోయింది. "రిజిస్టరు నేను రాయించుకుంటాను, మనుషుల్ని మీరు గుర్తుపెట్టుకోండి" అని నాకు పని ఇచ్చింది.

గుర్తుపెట్టుకున్నాను. ఎవరికి ఏ వారం, ఏ డాక్టరు, ఏ కాలు, ఎవరి వీధిలోకి బండి తిరుగుతుంది, ఎవరిని సందు మొదట్లో ఎత్తుకురావాలి, అన్నీ నోటికి వచ్చేవి. ఫోను మోగితే గొంతు విని పేరు చెప్పేదాన్ని. అందరూ ఆశ్చర్యపోయేవాళ్లు, నాకు బాగుండేది. ఇంత గుర్తున్నదాన్ని కాబట్టి వాళ్ల గురించి అంతా తెలిసినట్టేనని నమ్మాను. నాకు చెప్పినవే నాకు గుర్తున్నాయి. చెప్పనివి ఎన్ని ఉన్నాయో నేను అడగలేదు.

షెడ్డు ఉన్న ఇల్లు

బండి పెట్టుకోవడానికి చోటిచ్చింది రాఘవయ్యగారు. వరి పొలాలున్న పెద్ద రైతు. ధాన్యం పోసుకునే షెడ్డు సగం ఖాళీ చేసి ఇచ్చాడు. ఒక మూల నాకు బల్ల కూడా వేయించాడు. ఆయనకి మోకాళ్ల ఆపరేషన్లు అయ్యాయి. వారానికి మూడు రోజులు నెల్లూరులో కసరత్తు చేయించుకోవాలి కాబట్టి ఆయనా మా బండిలోనే వచ్చేవాడు.

చదివేవాళ్లు ఇక్కడ ఒక్క నిమిషం ఆగి ఆలోచించండి. బండి పొద్దున ఆరున్నరకి రాఘవయ్యగారి వాకిట్లోనే బయలుదేరుతుంది. మామూలుగా ఎవరైనా ఆయన్ని అప్పుడే ఎక్కించుకుంటారు. నేను ఎక్కించలేదు. ఖాళీ బండిని ముందు సముద్రపు ఒడ్డున ఉన్న పాలేనికి పంపి, అక్కడి నుంచి రొయ్యల గుంటల మధ్య రోడ్డు మీద ఐదు ఊళ్లు తిప్పి, అందరినీ ఎక్కించాక ఎనిమిదింముప్పావుకి మళ్లీ అదే వాకిట్లోకి రప్పించి, చివరగా ఆయన్ని ఎక్కించేదాన్ని. తిరుగు ప్రయాణంలో మొదట ఆయన దిగేవాడు. పాలెం చివర.

ఎందుకంటే మా ఇళ్లల్లో అంతే. పెద్దమనిషి వస్తున్నాడంటే అన్నీ సిద్ధం చేసి, అందరూ కూర్చున్నాక ఆయన్ని పిలుస్తాం. చోటిచ్చిన మనిషిని అందరిళ్ల ముందూ ఆపుతూ రెండు గంటలు తిప్పడమా? ఆ మాట ఆయన నాతో అనలేదు, మేనేజరమ్మ అనలేదు. నాకు నేనే అనుకున్నాను.

పెంచలయ్య ఒకసారి చెప్పి చూశాడు.

"అక్కా, పెద్దాయన్ని ఈణ్ణే ఎక్కించుకుని పొయ్యి, పాలేన్ని చివర్లో పెట్టుకుంటే సరిపోతాది గదా. పాలెం నుంచి తారురోడ్డు నేరుగా నెల్లూరికి ఉండాది. ముక్కాలు గంట."

"పెద్దాయన్ని ఊళ్లన్నీ ఊరేగిస్తావా?"

"ఊరేగింపేంది, సీట్లో కూచునేదే గదా."

"తోలేది నీ పని, చెప్పేది నా పని."

అతను మళ్లీ ఎత్తలేదు. పదకొండేళ్లలో నాకు దొరికిన మంచి సలహా అదొక్కటే. దాన్ని నేను అలా తోసిపారేశాను.

పోలమ్మ

పాలెంలో ఎక్కేది పోలమ్మ. అరవైకి కాస్త ఇటు. ముప్పై ఏళ్లు ఒడ్డున పడవల దగ్గర వేలంలో చేపలు పాడుకుని, గంపకెత్తి ఊళ్లల్లో అమ్మిన మనిషి. ఒకరోజు గంప ఎత్తుకోబోయి కూలిపోయింది. ఎడమ కాలు, ఎడమ చెయ్యి పడిపోయాయి.

కసరత్తు డాక్టరు చెప్పిన మాట మాకందరికీ తెలుసు. "మొదటి ఆరు నెలలు విడవకుండా వస్తే కాలు చాలావరకు తిరిగొస్తుంది. మధ్యలో మానేస్తే బిగుసుకుపోతుంది." పోలమ్మకి పెద్ద కోరికలేమీ లేవు. ఇంటి గడప నుంచి పడవల దాకా తన కాళ్ల మీద పోయి, వేలం దగ్గర నిలబడాలి. "రెండొందల పది అడుగులు మస్తానక్కా. గంప నెత్తిన పెట్టుకుని లెక్కేసుకున్నా" అని నాతో చెప్పింది. మూడో నెలలో ఇనుప కమ్ములు రెండు పక్కలా పట్టుకుని పదకొండు అడుగులు వేసింది. ఆ రోజు బండిలో అందరూ చప్పట్లు కొట్టారని పెంచలయ్య చెప్పాడు.

సరదా మనిషి. పెంచలయ్య రెండు చేతుల్తో ఎత్తి వెనక మూల సీట్లో కూర్చోబెడుతుంటే, "జాగర్తన్నా, ఎండుచేపల గంపనుకుని ఇసిరేస్తావేమో" అనేదట. "గంపైతే ఈపాటికి అమ్ముడుబొయ్యుండు. నిన్నెవురు కొంటారు మే" అని అతను.

ఆ మూల సీటు ఇచ్చింది కూడా నేనే. ముందెక్కేది వెనక్కి పోవాలి కదా అని చెప్పుకున్నాను. చేపల వాసన అని ఒకరిద్దరు ముక్కు ముడవడం నాకు గుర్తుంది. అది గుర్తులేనట్టు నటించాను. ఒకసారి ఆ మూలలో కూర్చుంటే, ముందు సీట్లలో కర్రలు, చక్రాల కుర్చీలు, మనుషులు నిండాక ఇక కదలడానికి ఉండదు.

మొదట్లో ఆమెతో కోడలు కావేరి తోడు వచ్చేది. నెల తిరక్కుండా మేనేజరమ్మ అంది, తోడు వచ్చేవాళ్లతో సీట్లు నిండిపోతే రోగులు ఎక్కడ కూర్చుంటారని. ఆమె చెడ్డ మనిషి కాదు. కానీ బండి నిండిందా లేదా అన్నదే ఆమె చూసేది. లోపల కూర్చున్నవాళ్లు ఎట్లా ఉన్నారో చూడాల్సింది నేను. నాకు కళ్లున్నాయి, వాళ్ల ముఖాలు రోజూ చూస్తున్నాను. కాబట్టి తప్పులో పెద్ద వాటా నాదే.

కావేరికి ఫోను చేసి చెప్పాను.

"రేపట్నుంచి నువ్వు రావద్దమ్మా. పెంచలయ్య ఉండాడు గదా, ఎత్తి దించతాడు."

"అది గాదక్కా... మా యత్త ఆడమనిషి గదా..."

"అన్నలాంటోడు. ఏం గాదులే."

'గదా' అన్నాక ఆ పిల్ల ఆగింది. నేనూ ఆడదాన్ని. ఆ ఆగిన చోట ఏముందో నాకు తెలియాలి. నేను ఫోను పెట్టేసి ఇంకొకరికి చేశాను.

మెచ్చుకోలు

రోజూ ఎనిమిదింముప్పావుకి బండి షెడ్డు ముందుకొచ్చేది. నేను బల్ల దగ్గర నుంచి లేచి వచ్చి కిటికీలోంచి అందరినీ పలకరించేదాన్ని. ఒకాయన ఏసీ లేదని, ఒకామె సీటు మెత్తగా లేదని, ఇంకొకామె పెంచలయ్య గుంటలు చూసి మరీ తోలుతున్నాడని. వీళ్ల గోల ఆపడానికి నాకొక ఉపాయం దొరికింది.

"పోలమ్మని చూడండి. అందరికన్నా ముందెక్కి అందరికన్నా చివర దిగతాది. ఒక్క మాటన్నా అంటాదా? మనిషంటే అట్టుండాల."

రోజూ కాకపోయినా రోజు విడిచి రోజు అనేదాన్ని. మిగతావాళ్లు నోరు మూసుకునేవాళ్లు. పోలమ్మ తల దించుకుని నవ్వేది. సిగ్గుపడుతోందనుకున్నాను. పెదవులు ఎండి పగిలి ఉండేవి. ఉప్పుగాలి కదా అనుకున్నాను.

మూడుసార్ల నియమం

రానివాళ్లు ముందురోజే చెప్పాలి, చెప్పకుండా మూడుసార్లు మానేస్తే పేరు తీసేస్తాం. ఈ నియమం నేనే పెట్టాను. దాంట్లో న్యాయం ఉంది, ఎందుకంటే బండి కోసం చాలామంది కాచుకుని ఉండేవాళ్లు.

నాలుగో నెలలో పోలమ్మ ఒకరోజు రాలేదు. పెంచలయ్య గుమ్మం ముందు నిలబడితే, చలిజ్వరం అని కావేరి చెప్పింది. పది రోజులకి మళ్లీ అంతే. ఆ తర్వాత వారం మూడోసారి. నేను ఫోను తీశాను.

"బండి సముద్రం దాకా వచ్చి ఖాళీగా పోతా ఉండాది కావేరీ. ముందురోజు చెప్పాలని తెలవదా?"

"తెల్లారుజామున వచ్చే జొరం ముందురోజు ఎట్ట చెప్పేదక్కా?"

"అందరికీ ఒకటే రూలు. పేరు తీసేస్తా ఉండా."

"సరే అక్కా" అంది. మర్నాడే ఆ సీట్లో ఇంకొకరిని కూర్చోబెట్టాను. పోలమ్మకి మాటమీద నిలిచే గుణం లేదని పెంచలయ్యతో అన్నాను కూడా. అతను నా వైపు చూసి, బండి కిందికి వంగి ఏదో బోల్టు బిగించుకున్నాడు.

ఎందుకు జ్వరమని నేను అడగలేదు. పేరు నా పుస్తకంలో రాసుకుని ఉంటే కొట్టేసిన గీతైనా మిగిలేది. నా తలలోంచి తీసేశాను కాబట్టి గీత కూడా మిగల్లేదు.

పాలెంలో

నాలుగు నెలలు పోయాక, చూపు పోయిన ఒక ముసలాయన పేరు రాసుకోవడానికి పాలెం వెళ్లాను. పక్క ఇల్లు పోలమ్మది. కావేరి వాకిట్లో ఎండబెట్టిన చేపలు తిరగేస్తోంది. నన్ను చూసి లేవలేదు.

"వచ్చినావా అక్కా. మా యత్త ఉండాదో పొయ్యిందో చూసిపోదామని వచ్చినావా?"

"ఏంది కావేరీ ఆ మాటలు?"

"ఇంకేం మాటలు మాట్లాడాల? లోపలికి రా, చూద్దువు."

పోలమ్మ మంచం మీద ఉంది. ఎడమ కాలు మోకాలి దగ్గర ముడుచుకుని అలాగే బిగుసుకుపోయింది. దుప్పటి కింద కూడా తెలుస్తోంది. "కూచో అక్కా" అంది, ఆమెకే మర్యాద తెలుసు. కావేరి నిలబడే చెప్పింది.

"పొద్దన బండెక్కేదానికి ముందురోజు మధ్యాన్నం నుంచి నీళ్లు మానేసేది మా యత్త. గుక్కెడు గూడా గొంతులో పోసుకునేది గాదు. ఏడింటికెక్కితే ఆమెని మళ్లా ఇంట్లో దించేది మూడున్నరకి. నడమ ఆమె యాడికి పోవాల? పెంచలన్నని అడగాల్నా, నన్ను ఎత్తుకుని దొడ్డికి తీసకపోమని? ఆసుపత్రిలో ఆయమ్మని పిలిస్తే, తోడు లేకుండా ఎందుకొచ్చినావని అరిచినాది. వారానికి మూడు దినాలు, ఎండాకాలం. మూత్రం మండి మండి చలిజొరం. డాక్టరు అరిచినాడు, నీళ్లెందుకు తాగవని."

"నాకొక్క మాట చెప్పుంటే..."

"చెప్పబొయ్యినా గదక్కా ఆ దినం ఫోన్లో. అన్నలాంటోడన్నావు."

పోలమ్మ చెయ్యి చాచి నా కొంగు పట్టుకుంది.

"దానిమీద కోపం పెట్టుకోబాక. నేనే చెప్పొద్దన్నా. నిన్ను అడగాలని ఎన్నితూర్లు అనుకున్నానో అక్కా. షెడ్డు కాడికి రాంగానే, అక్కా నన్నొకతూరి దించిచ్చు అందామని నోటిదాకా వచ్చేది. అంతలో నువ్వు కిటికీలో తలపెట్టి, పోలమ్మ ఒక్క మాటన్నా అంటాదా అనేదానివి. అందరూ నా పక్క చూసేవోళ్లు. ఇంకేం అడిగేది?"

బయట వేలం మొదలైంది. పాట వినిపిస్తోంది. పోలమ్మ ఆ పక్కకి తల తిప్పి, "వంజరాలు పడినట్టుండాయి" అంది.

ఆ మూల సీటులో

మర్నాడు పొద్దున పాలెం దాకా పోయి, పోలమ్మ కూర్చున్న మూల సీట్లో కూర్చున్నాను. ఎప్పటిలాగే రెండు గ్లాసుల నీళ్లు, టీ తాగి ఎక్కాను. "ఏందక్కా ఈ పొద్దు?" అన్నాడు పెంచలయ్య. "పోనీ బండి" అన్నాను.

మూడో ఊరికే నాకు కష్టమైంది. నాలుగో ఊరు దాటాక గుంటల రోడ్డు మీద బండి ఎగిరినప్పుడల్లా పళ్లు కరుచుకున్నాను. ముందు సీట్లలో మగవాళ్లు ఉన్నారు. అందరూ నాకు తెలిసినవాళ్లే, నన్ను అక్కా అని పిలిచేవాళ్లే. ఆపమని అడగడానికి గొంతు రాలేదు. ఈ బండిని నడిపించేదాన్ని, రేపు ఎవరెక్కాలో చెప్పేదాన్ని, నాకే గొంతు రాలేదు. చివరికి రొయ్యల గుంట కావలివాడి కొట్టం కనపడితే, "పెంచలయ్యా ఆపు" అన్నాను. కర్రలు దాటుకుని, కాళ్లు తొక్కుకుంటూ దిగి, కొట్టం వెనక్కి పరుగెత్తాను.

నాకు రెండు కాళ్లున్నాయి కాబట్టి పరుగెత్తాను.

తిరిగొచ్చి మూల సీట్లో కూర్చున్నాను. పెంచలయ్య అద్దంలోంచి చూశాడు. "పోలమ్మ ఈ కొట్టం వచ్చినప్పుడల్లా కళ్లు మూసుకునేదక్కా. నిద్దరబోతా ఉండాదనుకున్నా" అన్నాడు.

షెడ్డుకొచ్చి రాఘవయ్యగారితో చెప్పాను. మీరు ముందెక్కాల్సి వస్తుంది, రెండు గంటలు తిరగాల్సి వస్తుంది, ఏమనుకోవద్దని. ఆయన చేతికర్ర పక్కన పెట్టాడు.

"నన్నెప్పుడన్నా అడిగినావా మస్తాన్‌బీ?"

"లేదయ్యా."

"నేను పొద్దన ఐదింటికి లేచి కూచుంటా. బండి నా ముందరే ఖాళీగా పోతాది, మళ్లా రెండు గంటలకి వస్తాది. అందాకా ఆకాశం చూస్తా కూచునేవాణ్ణి. ఎక్కించుకునుంటే నాలుగూళ్లోళ్లతో మాట్లాడతా పొయ్యుందును గదా. ఒక ఆడమనిషిని అంత కష్టపెట్టి నాకెందుకు మే ఆ పెద్దరికం?"

ఆయన గౌరవం కోసమని చేశాను. ఆయనకి ఆ పాపంలో భాగం అంటగట్టాను.

తర్వాత

వరస తిరగేశాం. పాలెం చివర ఎక్కడం, ముందు దిగడం. మనిషిని ఎత్తాల్సినవాళ్లకి తోడు సీటు ఉండాల్సిందేనని మేనేజరమ్మతో మొదటిసారి గట్టిగా మాట్లాడాను, ఒప్పుకుంది. రాఘవయ్యగారు పాలెం దోవలో తన పొలం దగ్గరున్న బాత్రూమ్‌కి మెట్లు తీయించి, సిమెంటుతో ఏటవాలు దారి పోయించాడు. పేరు రాసుకునేటప్పుడు నేనొక ప్రశ్న పెట్టుకున్నాను, 'నీళ్లు తాగుతున్నారా?' అని. ఎక్కడికి, ఎన్నింటికి అన్నవి ఆ తర్వాత.

పోలమ్మని మళ్లీ తీసుకెళ్లాను, కావేరి తోడుగా. ముక్కాలు గంట ప్రయాణం. డాక్టరు కాలు పట్టుకుని చూసి, "ఇన్నాళ్లూ ఎక్కడున్నారు?" అన్నాడు. నేను పక్కనే నిలబడి ఉన్నాను. పోలమ్మే జవాబు చెప్పింది, "ఇంట్లో పని తెమల్లేదు సారూ" అని. అప్పుడైనా నా పేరు చెప్పి ఉంటే నాకు కొంచెం తేలికయ్యేది.

కాలు రాలేదు. మంచం నుంచి కుర్చీలోకి జరగడం దాకా వచ్చింది, అంతే. చక్రాల కుర్చీ ఇసుకలో దిగబడుతుంది. గడప దగ్గర కూర్చుని వేలం వింటుంది, అరుపులు విని ఏ చేప పడిందో చెబుతుంది.

ఈ పనిలోకి వచ్చేవాళ్లకి నేను చెప్పగలిగింది ఇదే. గోల చేసేవాళ్లతో మీకేమీ ప్రమాదం లేదు, వాళ్లకేం కావాలో వాళ్లే చెబుతారు. ఒక్క మాటా అననివాళ్ల దగ్గర ఆగండి. వాళ్లని మాత్రం మెచ్చుకోకండి.

ఇప్పుడు

ఇక్కడితో ఆపుదామనుకున్నాను. కానీ మొన్న జరిగింది కూడా రాయకపోతే ఇదంతా నేను నేర్చుకున్నట్టు ఉంటుంది.

నాకూ మోకాళ్లు పోయాయి. మూడు నెలలుగా నేనూ ఆ బండిలోనే నెల్లూరు పోతున్నాను. మొన్న సాయంత్రం శ్రావణి ఫోను చేసింది.

"మస్తానక్కా, రేపు ఏడుంబావుకి మీ ఇంటికాడ. నీళ్లు తాగతా ఉండావా?"

"తాగతా ఉండానమ్మా" అన్నాను. ఠక్కున వచ్చింది నోట్లోంచి.

ఫోను పెట్టేశాక చూస్తే, మధ్యాహ్నం కోడలు పెట్టిన గ్లాసు పక్కన అలాగే ఉంది, నిండుగా. నేను కావాలని మానలేదు. రేపు బండి అని నా ఒంటికి తెలిసింది, చెయ్యి గ్లాసు వైపు పోలేదు. ఆ ప్రశ్న పెట్టిందాన్ని నేనే, ఆ ప్రశ్నకి అబద్ధం చెప్పిందాన్నీ నేనే. ఇన్నేళ్లూ ఎంతమంది నాకు ఇలాగే చెప్పారో, నేను ఎంతమందిని నమ్మి తర్వాతి పేరుకి పోయానో.

తిరిగి ఫోను చేశాను. "అమ్మాయ్, ఇందాక నీకు అబద్ధం చెప్పినా."

శ్రావణి నవ్వలేదు. "అందరూ అట్నే చెప్తారక్కా. అందుకే అడిగినా అడగకపోయినా పెద్దాయన పొలం కాడ పది నిమిషాలు ఆపమని పెంచలన్నకి చెప్పినా. దిగేవాళ్లు దిగతారు. ఎవురూ ఎవుర్నీ అడగబళ్లేదు."

ఎవరూ ఎవరినీ అడగనక్కర్లేదు. అంత చిన్న మాట పదకొండేళ్లు నాకు తట్టలేదు.

గ్లాసు తీసుకుని తాగాను. నీళ్లు గోరువెచ్చగా అయిపోయాయి. ఇంత గొప్ప జ్ఞాపకం ఉందని పొగిడించుకున్న నాకు, ఇప్పుడు ఆ ఊళ్ల పేర్లు, డాక్టర్ల వారాలు ఒక్కొక్కటే జారిపోతున్నాయి. పోలమ్మ గడప నుంచి పడవల దాకా ఎన్ని అడుగులో మాత్రం పోవడం లేదు. రెండొందల పది. పదకొండు వేసింది.